రిపోర్టు మెరుగైతే లివర్ బాగుపడినట్టేనా?

1971లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి వైద్యులు 49 మంది రోగులపై చేసిన ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో చాలామందిది ఇప్పుడు మనం ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటున్న జబ్బే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద పడటం దీని లక్షణం. చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి 22 మందికి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, మిగతా 27 మందికి ఇవ్వలేదు. కొన్నేళ్లు గడిచేసరికి స్టెరాయిడ్ వాడినవాళ్లలో ముగ్గురు చనిపోతే, వాడనివాళ్లలో 15 మంది చనిపోయారు. ఆ బృందంలో షీలా షెర్లాక్ ఉన్నారు. లివర్ వైద్యాన్ని ఒక ప్రత్యేక శాఖగా నిలబెట్టినవాళ్లలో ఆవిడది పెద్ద పేరు.

అర్ధశతాబ్దం దాటినా ఈ జబ్బుకు మొదట రాసే మందు ఇప్పటికీ స్టెరాయిడే, తోడుగా రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ అనే మందు. 49 మందితోనే విషయం తేలిపోవడానికి కారణం ఉంది. వాళ్లు లెక్కపెట్టింది ప్రాణాలను, రక్తపరీక్షలో కనిపించే లివర్ ఎంజైములను కాదు. పైగా పోల్చి చూడటానికి పక్కన మందు వాడనివాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అదే జబ్బు మీద మూలకణాలను, అంటే స్టెమ్ సెల్స్‌ను పరీక్షిస్తున్నారు. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ముందుండి నడిపిన 'మెర్లిన్' ట్రయల్‌కు యూరోపియన్ యూనియన్ నిధులిచ్చింది. దాతల బొడ్డుతాడు నుంచి తీసిన కణాలను ఐర్లాండ్‌లోని ఆర్బ్‌సెన్ కంపెనీ పద్ధతిలో వేరుచేసి నరం ద్వారా ఎక్కించాలన్నది ప్రణాళిక. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌తో పాటు ప్రైమరీ స్క్లీరోజింగ్ కొలాంజైటిస్, అంటే పీఎస్సీ, కూడా అందులో ఉంది. కాలేయం నుంచి పిత్తాన్ని మోసే నాళాలు మచ్చలు కట్టి మూసుకుపోయే జబ్బు ఇది. దీన్ని ఆపుతుందని రుజువైన మందు లేదు. చివరికి మిగిలేది కాలేయ మార్పిడి. కొందరికి కొత్త కాలేయంలోనూ జబ్బు తిరగబెడుతుంది. కాబట్టి ప్రయత్నం జరగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు.

నా పేచీ కొలత దగ్గర. మూలకణం అనగానే నారు పోస్తే పైరు వచ్చినట్టు కొత్త లివర్ మొలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ బొడ్డుతాడు నుంచి తీసి వాడేవి మెసెంకైమల్ అనే రకం కణాలు, అవి చేసేది అది కాదు. నరంలోకి ఎక్కిస్తే వీటిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుని కొద్ది రోజుల్లో కనుమరుగవుతాయి. ఈలోపు విడుదల చేసే రసాయనాలతో రోగనిరోధక కణాలను శాంతపరుస్తాయని ఆశ. వీటికి 1991లో 'మెసెంకైమల్ స్టెమ్ సెల్స్' అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లాన్ స్వయంగా 2017లో ఆ పేరు మార్చేద్దామన్నారు. స్టెమ్ అన్న మాట జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని ఆయన బాధ. పేరైతే మారలేదు.

ఇలా లోపలి మంటను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను, తగ్గించే వైద్యం పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? మెర్లిన్ లాంటి తొలిదశ ట్రయల్స్ ముందు భద్రత చూస్తాయి, తర్వాత రక్తంలో ఏఎల్‌టీ, ఏఎల్‌పీ అనే లివర్ ఎంజైములు తగ్గాయా అని చూస్తాయి. పోలిక గుంపు లేకుండా అందరికీ కణాలే ఇస్తారు. భద్రత వరకు ఇది సరిపోతుంది. ఏఎల్‌పీ పడిపోయిందని మాత్రం పండగ చేసుకోలేం. పీఎస్సీలో ఆ అంకె తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

మన ఊళ్లలో కామెర్లకు పసరు పోయించుకున్నవాళ్లని అడగండి, తగ్గిందనే చెబుతారు. హెపటైటిస్ ఏ అయితే పసరు పోసినా, పోయకపోయినా చాలావరకు తగ్గేదే. పక్కన పోయించుకోనివాళ్లను నిలబెట్టి చూసేవరకు పసరుకు ఓటమి లేదు.

ఇంతకంటే భయపెట్టే ఉదాహరణ 2009లో వచ్చింది. పీఎస్సీ రోగులు 150 మందితో అమెరికాలో జరిగిన ట్రయల్‌లో అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ అనే లివర్ మందును ఎక్కువ మోతాదులో ఇచ్చారు. మందు వాడినవాళ్ల ఏఎల్‌పీ బాగా తగ్గింది, రిపోర్టులు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మరణం, కాలేయ మార్పిడి వంటి గట్టి ఫలితాలన్నీ కలిపి చూస్తే వాళ్లకే ముప్పు 2.3 రెట్లు ఎక్కువని తేలి, ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. ప్లసీబో, అంటే మందులా కనిపించే ఉత్త మాత్ర, వాడిన గుంపు లేకపోతే ఆ మందును విజయమనే రాసేవాళ్లం.

కణాల వైద్యానికీ ఇలాంటి దెబ్బలు తగిలాయి. పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధిలో మలద్వారం దగ్గర ఏర్పడే ఫిస్టులాకు, అంటే చీము కారే దారికి, డార్వాడ్‌స్ట్రోసెల్ అనే కణ చికిత్సను 2018లో యూరప్ అనుమతించింది. మొదటి ట్రయల్‌లో ఫలితం బాగుంది. తర్వాత 568 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో కణాలు వేసినవాళ్లలో 48.8 శాతం, ప్లసీబో వాళ్లలో 46.3 శాతం మంది కోలుకున్నారు. అంటే తేడా లేనట్టే. 2024 చివర్లో అది యూరప్ మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. బర్మింగ్‌హామ్ బృందమే సిరోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, ఉన్న 81 మందితో చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో, రోగుల సొంత మూలకణాలు ఎక్కించినా లివర్ పనితీరు మెరుగుపడలేదు. పైగా ఆ గుంపులో 43 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. ఓటమిని దాచుకోకుండా అచ్చు వేశారు. అందుకే మెర్లిన్ ఫలితం ఏదైనా నేను నమ్మకంగా చదువుతాను.

హైదరాబాద్‌కూ ఈ కథలో చోటుంది. దక్కన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 25 మంది సిరోసిస్ రోగులకు పిండ కాలేయ కణాలు ఎక్కించి, మెరుగుదల కనిపించిందని 2010లో ప్రచురించారు. అక్కడి నుంచి ఆసుపత్రి వైద్యంగా మారాలంటే పోలిక గుంపుతో పెద్ద ట్రయల్ గెలవాలి. ఆ మెట్టు ఎక్కకుండానే నేరుగా ప్యాకేజీ అమ్మేవాళ్లు మన నగరాల్లో ఉన్నారు. బ్లడ్ క్యాన్సర్‌కు, తలసేమియాకు చేసే బోన్‌మ్యారో మార్పిడి నిజంగానే పనిచేస్తుంది కదా, ఆ చెట్టు పేరు చెప్పి ఈ కాయలమ్ముతున్నారు.

మన దగ్గర నిబంధనలు లేవని కాదు. రక్తపు జబ్బులకు చేసే అలాంటి మార్పిడులకు తప్ప, అనుమతి పొందిన ట్రయల్ బయట రోగులకు మూలకణాలు వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెప్పాయి. 2019 ట్రయల్స్ నిబంధనల్లో మూలకణ ఉత్పత్తిని కొత్త మందుగా చేర్చారు. బెంగళూరు స్టెంప్యూటిక్స్ కంపెనీ కణాలకు అనుమతి వచ్చింది ఆ దారిలోనే, అదీ కాళ్లకు రక్తం అందని జబ్బుకు, మోకాళ్ల అరుగుదలకు.

పీఎస్సీ ఉన్నవాళ్లకు పిత్తనాళాల క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఎక్కించే కణాలు విడుదల చేసేవాటిలో కణాల పెరుగుదలను ప్రేరేపించే రసాయనాలూ ఉన్నప్పుడు, రెండు నెలల లివర్ రక్తపరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) చూసి సంతృప్తి పడటం ఎలా? ప్లసీబోతో పోల్చాలి, బయాప్సీ, అంటే కాలేయం ముక్క తీసి, చూడాలి, ఏళ్ల తరబడి వెంబడించాలి. ఇదంతా జరిగేలోపు ఎవరైనా క్లినిక్ వాళ్లు 'ఇది ట్రయలేనండీ, సీటీఆర్ఐలో రిజిస్టర్ అయింది' అంటే, అది ట్రయల్స్ వివరాలు నమోదు చేసే జాబితా మాత్రమేనని, రిజిస్ట్రేషన్ అనుమతి కాదని గుర్తుంచుకోండి. రోగుల రక్షణ కోసం ట్రయల్‌ను పరిశీలించే ఎథిక్స్ కమిటీ పేరు అడగండి, డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి పత్రం చూపించమనండి. కణాలకు డబ్బు కట్టమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అసలు ట్రయల్‌లో పరీక్షించే మందుకు రోగి డబ్బు కట్టడు. దానివల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ట్రయల్ చేయించేవాళ్లే చూసుకోవాలి.