మార్కులు రంగుల బొమ్మకా, బౌండరీ కండిషన్లకా?

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు ఇంజనీరింగ్ కళాశాలల్లో చిప్పుకు హీట్‌సింక్ (చిప్పు వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మ) రూపకల్పన అన్న ప్రాజెక్టు ఏటా కనబడుతూనే ఉంటుంది. రిపోర్టు తెరిస్తే ఎరుపు నుంచి నీలం దాకా రంగులు పులిమిన ఉష్ణోగ్రత బొమ్మలు పేజీల కొద్దీ ఉంటాయి గానీ, ఆ రంగులు ఏ అంచనాల మీద, అంటే బయటి గాలి ఎంత వేడి వంటి ఏ బౌండరీ కండిషన్ల మీద నిలబడ్డాయో చెప్పే పేజీ వెతికినా దొరకదు. మార్కులు వేయవలసింది ఆ అంచనాలకేనని, అందుకు ఓపెన్ సోర్స్ సాధనాలే తగినవని నా అభిప్రాయం.

గాలి, వేడి ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్‌లో మనం తీసుకున్న ప్రతి అంచనా మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి ఉంటుంది. దాని ఉదాహరణ కేసుల్లో (కేసు అంటే ఒక లెక్కకు కావలసిన ఫైళ్లన్నీ) ఉష్ణోగ్రత ఫైలు తెరిస్తే తరచుగా కనిపించే అంకె 300. అంటే 300 కెల్విన్లు, మన లెక్కలో 27 డిగ్రీలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నెల్లూరు గాలి 42 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, అయినా విద్యార్థులు ఆ 300ను ముట్టుకోకుండానే కేసు నడిపేస్తారు. ఫ్యాను వేగం, చిప్పు వాట్లు మారనప్పుడు బయటి గాలి 15 డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా దాదాపు అంతే పెరుగుతుంది కాబట్టి, రిపోర్టులో 85 దగ్గర క్షేమంగా కనిపించిన చిప్పు ఇక్కడ 100కు చేరుతుంది. వేడితోపాటు చిప్పులో వృథాగా కారే లీకేజీ కరెంటు, సిలికాన్ ఉష్ణనిరోధం రెండూ పెరుగుతాయి గనుక నిజానికి ఇంకాస్త ఎక్కువే అవుతుంది.

రెండో అంచనా చిప్పుకూ హీట్‌సింకుకూ నడుమ ఉండే పేస్టు. చాలామంది రెండు ఘనపదార్థాలనూ నేరుగా అంటించేసి, మధ్యలో ఏమీ లేదనుకుంటారు. ఒక చదరపు సెంటీమీటరు చిప్పు 40 వాట్లు వెదజల్లుతుంటే, 0.1 మిల్లీమీటరు మందాన, ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు 4 వాట్లు ఉన్న పేస్టు పొర ఒక్కటే 10 డిగ్రీలు మింగేస్తుంది. ఇది కాగితం మీద రెండు వరుసల్లో తేలే లెక్క. అలాగే సెకనుకు 10 గ్రాముల గాలి ఆ 40 వాట్లను మోసుకుపోతే గాలి సుమారు 4 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలి. సిమ్యులేషన్‌లో 12 వస్తే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఎక్కడో తప్పు జరిగినట్లే.

మన ప్రాంతానికే చెందిన కేసులు ఎవరూ ఎత్తుకోకపోవడం ఇంకా బాధాకరం. తీరంలోని రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లను నడిపే కంట్రోలరు బోర్డును ఉప్పుగాలికి భయపడి మూసిన పెట్టెలో పెడితే, అక్కడ చిప్పుకు తగిలే గాలి బయటిది కాదు, పెట్టెలో చిక్కుకుపోయి ఎండకు కాగినది. అప్పుడు ఫ్యాను లెక్కలు పక్కన పెట్టి, సహజ ఉష్ణసంవహనం (వేడిగాలి తనంతట తాను కదలడం), సూర్యరశ్మి, పెట్టె రంగు చూసుకోవాలి. చీమకుర్తి గ్రానైటు యూనిట్లలోనైతే ధూళి నిండిన రెక్కలను మోడల్ చేయాలి. కొత్తగా తీసిన హీట్‌సింకును మోడల్ చేయడం దేనికి?

ఓపెన్‌ఫోమ్ నేర్చుకోవడం కష్టమన్న మాట నిజమే, దాని ఎర్రర్ సందేశాలు చదవడానికే ఓపిక కావాలి. అయితే అందరూ అక్కడే మొదలుపెట్టనవసరం లేదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో పుట్టిన హాట్‌స్పాట్ అనే సాధనం ఉష్ణప్రవాహాన్ని రెసిస్టర్లు, కెపాసిటర్ల సర్క్యూటుగా చూస్తుంది కాబట్టి ఈసీఈ విద్యార్థులకు అది సొంత ఇల్లే. చిప్పు పొరల మధ్య ద్రవాన్ని పారించే పద్ధతికి స్విట్జర్లాండులోని ఈపీఎఫ్‌ఎల్ తయారుచేసిన త్రీడీ-ఐస్ అనే సాధనం ఉంది. ఆ ఆలోచనకు మూలమైన సూక్ష్మకాలువల ప్రయోగంలో, పరిశోధకులు టకర్‌మన్, పీస్ 1981లోనే చదరపు సెంటీమీటరుకు 790 వాట్లను నీటితో తీసివేసి చూపించారు. ఓపెన్‌ఫోమ్ నేర్చుకోదలచినవారికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును ప్రోత్సహించే ఐఐటీ బాంబే ఫాసీ బృందం పాఠాలు ఉచితం.

ఇన్ని ఉండగా, కొన్ని ల్యాబుల్లో ఇంకా క్రాక్ చేసిన వాణిజ్య సాఫ్ట్‌వేరుతోనే పని నడుస్తోంది. దానిపై ప్రాజెక్టు చేసిన పిల్లవాడు ఉద్యోగంలో ఆ అనుభవాన్ని ధైర్యంగా చెప్పుకోలేడు. విభాగాధిపతులు ఒక్క నిబంధన పెడితే చాలు: రిపోర్టుతోపాటు కేసు ఫోల్డరు మొత్తం ఇవ్వాలి, వైవాలో పరీక్షకుడు తన ల్యాప్‌టాప్‌లోనే ఆ 300ను 315గా మార్చి మళ్లీ నడపాలి, వచ్చిన తేడా ఎందుకు వచ్చిందో విద్యార్థి అక్కడికక్కడే వివరించాలి.