గాలిని ఫోటో తీద్దామని భీమిలి వెళ్తే

ఇప్పుడే ఇంటికొచ్చా. చెవుల్లో ఇసుక, జేబుల్లో ఇసుక, లెన్స్ జూమ్ రింగ్ తిప్పితే అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు కరకర. స్నానం తర్వాత సంగతి, ముందు ఇది రాయకపోతే నాకు అన్నం సయించదు.

విషయం చిన్నదే. ఏడాదికి ఒక్క రోజు ఏ పనీ పెట్టుకోకుండా గాలిని ఫోటో తీద్దామనుకున్నా. ఆషాఢం గాలి సంగతి మన వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు కదా, నైరుతి నుంచి ఒడ్డు వెంబడే ఈడ్చి కొడుతుంది, ఇసుక కాళ్ల మధ్య నుంచి పాములా పాకిపోతుంది, సరుగుడు తోటలో నిలబడితే పక్కవాడి మాట వినపడదు. పైగా ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కాబట్టి ప్రీ వెడ్డింగ్ గోల కూడా ఉండదని నా గొప్ప లెక్క. శ్రావణంలో ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లంతా షూటింగ్‌కి ఆషాఢంలోనే దిగుతారని తట్టలేదు. గోస్తనీ సముద్రంలో కలిసే చోట పొద్దున ఆరింటికే మూడు జంటలు! ఒకమ్మాయి ఎర్ర గౌను కొస పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తి వదులుతున్నారు, గాలికి ఎగిరినట్టు కనిపించాలట. ఒరే నాయనా, అక్కడ నిజంగానే గాలి వీస్తోంది కదరా!

దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరా ఇదే వరస. గాలీ నీరూ కలిసి వేల ఏళ్లు పోగేసిన దిబ్బలవి, 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వంగా గుర్తించారు. మనకేమో చీర రంగుకి మ్యాచ్ అయ్యే బ్యాక్‌గ్రౌండ్. సరే, వాళ్ల పెళ్లి, వాళ్ల ఇష్టం.

అసలు గాలి ఫోటోలో కనబడదు, తెలుసా? షట్టర్ స్పీడ్ పెంచితే, అంటే కెమెరా కన్ను చటుక్కున తెరిచి మూసేస్తే, కొమ్మ రాయిలా బిగుసుకుపోతుంది. సెకనులో ఎనిమిదో వంతుకో పదిహేనో వంతుకో దించితేనే సరుగుడు ఆకు గీతలు గీతలుగా పారుతుంది, మాను మాత్రం కదలకుండా ఉంటుంది. దానికి ట్రైపాడ్ కావాలి, అది పడిపోకుండా దాని నడుముకి బ్యాగు వేలాడదీయాలి. ఇంత తతంగం చేసి నిలబెట్టానో లేదో, సెక్యూరిటీ ఆయన విజిల్. ఎక్కడో, ఎవరి మనిషో చెప్పను. "సార్, షూటింగ్‌కి పర్మిషన్ ఉందా?" షూటింగ్ ఏంటి, చెట్టు ఫోటో అన్నా. "స్టాండ్ పెడితే షూటింగే సార్." అంటే మూడు కాళ్లుంటే షూటింగ్, రెండు కాళ్లుంటే సందర్శకుడు. నెత్తి మీద ఎవరిదో డ్రోన్ జుయ్యిమని తిరుగుతోంది, దాన్ని అడగడు. దానికి కాళ్లు లేవుగా మరి!

మడిచేసుకుని జాలర్ల వైపు పోయా. జూన్ 14తో వేట నిషేధం అయిపోయింది కానీ ఇవాళ్టి గాలికి చిన్న పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఒక తాత నీలం వల కాలి బొటనవేలికి తగిలించి చిరుగులు కుట్టుకుంటున్నాడు. "ఏటి తీత్తన్నావు బాబూ?" అన్నాడు. గాలి, తాతా అన్నా. "గాలినెవులైనా తీత్తారేటి!" అని నవ్వి మళ్లీ తన పనిలో పడ్డాడు. అంతే. పర్మిషన్ అడగలేదు, ఫోటో చూపించమనలేదు.

నలభై నిమిషాలు కూర్చున్నా. వల కొస లేస్తోంది, పడుతోంది. చివరికి ఒక్కసారి తెరచాపలా పూర్తిగా లేచింది, సముద్రం మీది ఎండ ప్రతి కన్నులోంచీ మెరిసింది, నా వేలు బటన్ మీద ఉంది, సరిగ్గా అప్పుడే ఫ్రేములోకి ఒక నిక్కరు. "అన్నా, ఫోటోకి ఎంత?"

నేను బీచ్ ఫోటోగ్రాఫర్‌ని కాదన్నా. "అయితే ఊరికే తియ్యన్నా."

తీశా. వాళ్లావిడ, ఇద్దరు పిల్లలు, అత్తగారు. అత్తగారు కళ్లు మూశారని మళ్లీ. ఫోటో మసగ్గా ఉందని ఆ అక్క ఎంతో ఆప్యాయంగా, నేను వద్దు వద్దంటున్నా వినకుండా, చున్నీతో లెన్స్ తుడిచేసింది! ఉప్పు తుంపర, ఇసుక పేరుకున్న గాజు మీద పొడి గుడ్డ. ముందు బ్లోయర్‌తో ఊదాలి తల్లీ, అది గాజు, స్టవ్ గట్టు కాదు. లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ అద్దం మీద నెలవంకలా గీత పడింది. ఇందాక వాట్సాప్‌లో మెసేజ్ కూడా వచ్చింది: "అన్నా కొంచెం తెల్లగా చేసి పంపు."

ఈ "ఊరికే" అన్న మాట వింటే నాకు మా చిన మావయ్యే గుర్తొస్తాడు. మూడేళ్ల కింద వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి "నీ దగ్గర కెమెరా ఉంది కదరా, ఊరికే నాలుగు తియ్" అన్నాడు. నాలుగంటే పొద్దున్నించి రాత్రి పదకొండు దాకా, ఆరు వందలు. నేను బంతికి కూర్చునేసరికి బూరెలు అయిపోయాయి, పెరుగన్నం మిగిలింది. ఇంతా చేస్తే మా అమ్మతో అన్నాడట, "డబ్బులిచ్చి పెట్టుకున్నవాడైతే ఇంకా బాగా తీసేవాడు" అని. మరి వంటాయన దగ్గర గరిటె ఉంది కదా, ఆయన చేత ఊరికే వండించాడా? టెంటు వాడి దగ్గర టెంటు ఉంది కదా!

ఇది రాస్తుండగానే ఫోన్ మోగింది, చిన మావయ్యే. శ్రావణంలో పెద్దాడి పెళ్లట, ప్రీ వెడ్డింగ్ భీమిలిలో అయితే బాగుంటుందట, అక్కడ గాలి ఉంటుంది కదరా అంటున్నాడు.

లెన్స్‌లో ఇసుక పడింది మావయ్యా అన్నా. ఈసారి అబద్ధం కూడా కాదు.