అప్పు తీర్చలేని సామాన్యుడికి చట్టం చూపే దారేది?

కంపెనీ అప్పులు తీర్చలేక చేతులెత్తేస్తే, దాని కోసం ట్రైబ్యునల్, గడువులు, నిపుణులు, బాకీలో కొంత వదులుకునేందుకు బ్యాంకుల అంగీకారం, అన్నీ ఉన్నాయి. బోర్లు ఎండిపోయి బత్తాయి తోట నరికేసుకున్న నల్లగొండ రైతుకు గానీ, నూలు కోసం తెచ్చిన అప్పుకు మిత్తి కట్టలేని నారాయణపేట నేత కార్మికుడికి గానీ అలాంటి ఏర్పాటు అందడం లేదు. పార్లమెంటు 2016లో చేసిన దివాలా స్మృతి మూడో భాగాన్ని వ్యక్తుల కోసమే రాసింది. అయితే 2019 డిసెంబరు 1 నుంచి కేంద్రం దానిని కంపెనీల రుణాలకు వ్యక్తిగత పూచీ ఇచ్చినవారి వరకే అమలులోకి తెచ్చి, మిగిలిన ప్రజలను పక్కన పెట్టింది. ఈ వివక్ష ఇక కొనసాగరాదని మేము గట్టిగా భావిస్తున్నాము.

దీని ఫలితంగా మన జిల్లాల్లో ఇప్పటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. జనం ‘ఐపీ పెట్టడం’ అనేది ఈ చట్టం కింద సివిల్ కోర్టులో వేసే అర్జీనే. కోర్టు దివాలా ప్రకటించిన వ్యక్తి ఆస్తి కోర్టు లేదా అది నియమించే రిసీవరు (ఆస్తి బాధ్యత చూసే అధికారి) అధీనంలోకి వెళ్తుంది. అయితే వంట పాత్రలు, సాగు పనిముట్లు, దుక్కి పశువులు, చేతివృత్తి సామగ్రి, రైతు నివసించే ఇల్లు వంటి వాటికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. తాకట్టు పెట్టుకున్న రుణదాత హక్కు మాత్రం చెక్కుచెదరదు. దివాలా ప్రకటనతోనే బాకీలు రద్దయిపోవు కూడా. కోర్టు విధించిన గడువులోగా విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, లేకుంటే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది. ఈ రెండో మెట్టు గురించి వకీలు విడమరచి చెప్పకపోతే పల్లె మనిషికి తెలిసే అవకాశమే లేదు.

ఐపీకి ఊళ్లలో చెడ్డపేరు ఉన్న మాట నిజం. చిట్టీల సొమ్ము మింగి, భూములు బంధువుల పేరిట రాయించి, ఆపై కోర్టు నోటీసులు పంపినవారి వల్ల నష్టపోయిన కుటుంబాల కోపం న్యాయమైనదే. కానీ అలాంటివారిని పట్టుకునే నిబంధనలు ఆ పాత చట్టంలోనే ఉన్నాయి. దివాలా అర్జీకి ముందు రెండేళ్లలో ప్రతిఫలం లేకుండా చేసిన ఆస్తి బదలాయింపులను కోర్టు రద్దు చేయవచ్చు, ఆస్తి దాచినవారికి ఏడాది వరకు జైలు విధించవచ్చు. మోసగాడికి భయపడి నిజాయితీపరుడికి తలుపు మూయడం సరికాదు.

అసలు చిన్న మనిషికి ఉద్దేశించినది కొత్త స్మృతిలోని ‘తాజా ఆరంభం’ ప్రక్రియ. అర్జీ స్వీకరించాక 180 రోజులు వసూళ్లు ఆగిపోతాయి, చివరికి అర్హమైన బాకీలు రద్దవుతాయి. పూచీదారుల విషయంలో సైతం దీన్ని అమలు చేయలేదు. పైగా పెట్టిన హద్దులు చూస్తే బాధ కలుగుతుంది. ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తులు 20,000, బాకీలు 35,000 దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. రోజుకు 400 రూపాయల కూలి దొరికే మనిషి 151వ రోజు పనికి వెళ్తే అనర్హుడవుతాడు. ఇందిరమ్మ ఇల్లు ఉన్నవారికీ అర్హత లేదు. ఒక్క ఎండిన బోరు ఖర్చే 35,000 దాటిపోయే చోట ఈ హద్దులకు అర్థమేముంది? దీనికి తోడు వ్యక్తుల అర్జీలు వినేది రుణ వసూళ్ల ట్రైబ్యునల్, అంటే అచ్చంపేట కూలీ సైతం హైదరాబాద్ దాకా తిరగాలి.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో 2 లక్షల రూపాయల వరకు పంట రుణాలు మాఫీ చేసింది. అది స్వాగతించదగినదే అయినా బ్యాంకు అప్పుకే పరిమితం. నూటికి మూడు రూపాయల మిత్తికి నోటు రాసిచ్చిన కౌలు రైతుకు అది ఊరట కాలేదు. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ వృత్తిదారుల కోసం రాష్ట్రమే 2016లో రుణ విమోచన కమిషన్ చట్టం చేసుకుంది. ఆ కమిషన్ మండలాలకు వచ్చి విచారణ జరపాలి.

ఈలోగా ప్రజలకు తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. కట్టే స్తోమత ఉండి ఎగ్గొట్టినవారిని తప్ప, కేవలం కట్టలేని పేదను సివిల్ బాకీకి జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు చెప్పింది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం వసూలు ఏజెంట్లు బాకీ కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయరాదు. కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కదలలేని వెట్టిలో చిక్కిన పాలమూరు కూలీ బాకీని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పూర్తిగా రద్దు చేసింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీకి కోర్టు ఫీజు లేదు.

కేంద్రం ‘తాజా ఆరంభం’ అధ్యాయాన్ని వెంటనే నోటిఫై చేయాలి. ఆదాయ, బాకీ హద్దులను నేటి ధరలకు తగ్గట్టు పెంచి, సొంత ఇంటి షరతు తొలగించి, విచారణ అధికారాన్ని దేవరకొండ, మిర్యాలగూడ, గద్వాల వంటి పట్టణాల్లోని సివిల్ కోర్టులకు అప్పగించే సవరణను పార్లమెంటు ముందుకు తేవాలి. దక్షిణ తెలంగాణ ఎంపీలు పార్టీలకు అతీతంగా దీన్ని అడగాలి.