ఉన్న రక్తమే తక్కువ, ఇంకా పలచన చేయడం దేనికి?

ఈ మాట అన్నది మా మేనత్త. అండాశయ క్యాన్సర్‌కి మూడో కీమో అయిన వారానికి ఎడమ కాలికి చెప్పు పట్టడం లేదంది. కుడి కాలికి మామూలుగానే ఉంది. కీమో వల్ల నీరు పట్టిందేమోలే అని రెండు రోజులు ఊరుకున్నాం, తర్వాత డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీయిస్తే తొడ దాకా రక్తం గడ్డ కట్టి ఉంది. రక్తం పలచబడే మందంటూ పొట్ట మీద పొడిచే ఇంజెక్షన్లు రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నర్సు ఒకసారి చూపిస్తే మా బావ నేర్చుకుని ఇంట్లోనే పొడిచేవాడు. పది రోజులకల్లా బొడ్డు చుట్టూ నేరేడు పండు రంగు మచ్చలు. సరిగ్గా అప్పుడే రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8 అని వచ్చింది. "రక్తం లేదంటారు, ఉన్నదాన్ని ఇంకా పలచన చేసుకోమంటారేంట్రా!" అని సిరంజి పక్కన పెట్టించేసింది. నిజం చెప్పాలంటే మాకూ అది సబబుగానే అనిపించింది, డాక్టర్‌కి ఫోన్ కూడా చేయలేదు. వారం తిరక్కుండా నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు.

ఆవిడ బతికింది. కానీ ఆ వారం ఏం జరిగిందో ఆలోచించిన కొద్దీ నాకు కోపం వచ్చేది ఆవిడ మీద కాదు, ఆ మందుకి మనం పెట్టుకున్న పేరు మీద. రక్తం పలచబడే మందు అంటే ఎవరికైనా పాలలో నీళ్లు కలిపినట్టే తోస్తుంది. ఆ మందు రక్తం చిక్కదనాన్ని ముట్టుకోదు. రక్తం గడ్డకట్టడానికి ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే పనుల్లో ఏదో ఒక చోట అడ్డం పడుతుంది, అంతే. అప్పటికే ఉన్న గడ్డను కూడా అది కరిగించదు, పెరగకుండా ఆపితే దాన్ని శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. హిమోగ్లోబిన్ లెక్క వేరు, గడ్డకట్టే లెక్క వేరు. కీమోలో హిమోగ్లోబిన్ తగ్గడం మామూలే, అయితే అది ఉన్నట్టుండి పడిపోతే లోపల ఎక్కడైనా రక్తం పోతోందా అని డాక్టర్ చూడాల్సిందే. ఈ మందు వాడేవాళ్లు రిపోర్టులో విడిగా చూడాల్సిన అంకె ప్లేట్‌లెట్లది, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలది. మామూలుగా 50 వేలకు పైన ఉంటే పూర్తి డోసు, 25 నుంచి 50 వేల మధ్య అయితే తగ్గించడం, అంతకన్నా పడితే ఆపడం అనేది డాక్టర్లు పాటించే ఒక లెక్క. గడ్డ కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి అందులోనూ మార్పులుంటాయి. కీమో ఎక్కించాక ఒకటి రెండు వారాల మధ్య ప్లేట్‌లెట్లు బాగా పడతాయి కాబట్టి, పోయినసారి బాగున్నాయి కదా అని ధీమాగా ఉండటానికీ లేదు.

అసలు క్యాన్సర్‌కీ గడ్డకీ సంబంధం ఏంటి అంటే, ఇది ఇవాళ కనిపెట్టింది కాదు. పారిస్‌లో ఆర్మాన్ ట్రూసో అనే వైద్యుడు 1865లోనే ఈ రెండింటికీ ముడి ఉందని పాఠం చెప్పాడు. తర్వాత తన సిరలోనే గడ్డ కనిపిస్తే తనకూ లోపల క్యాన్సర్ ఉందని తేల్చుకున్నాడు. 1867లో పొట్ట క్యాన్సర్‌తోనే పోయాడు. కణితి తనంతట తానే గడ్డను పుట్టించే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. దానికి తోడు ఆపరేషన్, మంచం పట్టడం, కీమో మందులు, కీమో ఎక్కించడానికి సిరలో పెట్టే పోర్ట్. క్లోమం, పొట్ట క్యాన్సర్లలో ఈ ముప్పు బాగా ఎక్కువ, ఊపిరితిత్తులు, అండాశయం, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఆ తర్వాత. అయినా కీమో మొదలుపెట్టే ముందు జుట్టు రాలుతుందని, వాంతులవుతాయని అందరూ చెప్పారు గానీ, ఒక్క కాలే వాస్తే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆ రాత్రే రమ్మని మాకు చెప్పిన వాళ్లు లేరు.

ఇక మాత్రలా ఇంజెక్షనా అన్న గొడవ. ఒకప్పుడు వార్ఫరిన్, మన దగ్గర ఎసిట్రోమ్, వీటితోనే నెట్టుకొచ్చేవాళ్లు. 2003లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఆరు నెలల్లో మళ్లీ గడ్డ కట్టింది వార్ఫరిన్ తరహా మాత్రలు వాడినవాళ్లలో నూటికి 17 మందికి, హెపారిన్ రకం ఇంజెక్షన్ వాడినవాళ్లలో 9 మందికి. దాంతో పదిహేనేళ్ల పాటు పొట్ట మీద పొడుచుకోవడమే దిక్కయింది. (ఈ హెపారిన్ పంది పేగుల నుంచి తీస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్లు ముందే చెబితే ఫోండాపారినక్స్ లాంటి కృత్రిమ మందు గురించి అడగొచ్చు, మొహమాటపడాల్సిన పని లేదు.) తర్వాత కొత్త మాత్రలు వచ్చాయి. 2020 నాటి కారవాజియో అధ్యయనంలో మళ్లీ గడ్డ కట్టింది ఎపిక్సాబాన్‌తో 5.6 శాతానికి, ఇంజెక్షన్‌తో 7.9 శాతానికి. తీవ్ర రక్తస్రావం రెండింటిలోనూ దాదాపు సమానం. అయితే ఎడోక్సాబాన్ అనే ఇంకో కొత్త మాత్ర మీద 2018లో వచ్చిన ఫలితాల్లో రక్తస్రావం ఇంజెక్షన్ కన్నా ఎక్కువ కనిపించింది, అదీ ముఖ్యంగా పొట్ట, పేగు క్యాన్సర్ల వాళ్లలో. కాబట్టి పక్కింటాయనకి మాత్ర ఇచ్చారు, మాకెందుకు సూదులు అని అడగడంలో తప్పు లేదు గానీ జవాబు ఒకటే ఉండదు. వాంతులయ్యే మనిషికి మాత్ర లోపల నిలవదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుతో కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఇంజెక్షన్ ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు. ఇదే కోవకి చెందిన రివరోక్సాబాన్ మాత్ర పెద్ద డోసులు అన్నంతో పాటు వేసుకోకపోతే సరిగ్గా ఒంటబట్టవు, మన జనం మాత్రేమో పరగడుపునే వేసుకుంటారు.

పథ్యం సంగతి కూడా చెప్పాలి. మా అత్తకి ఆ తర్వాత మాత్రలకు మార్చారు, ఎపిక్సాబాన్. ఎవరో చుట్టాలావిడ వచ్చి ఆకుకూరలు ముట్టకూడదంది, అంతే, నాలుగు నెలలు ఇంట్లో గోంగూర, పాలకూర, మునగాకు బంద్. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుందన్న గొడవ వార్ఫరిన్, ఎసిట్రోమ్‌లకే, అక్కడ కూడా రోజూ ఒకే మోతాదులో తింటే ఇబ్బంది లేదు. ఎపిక్సాబాన్‌కి దానితో సంబంధం లేదు. కీమోలో నోటికి ఏదీ సహించని మనిషి, గోంగూర పచ్చడితో నాలుగు ముద్దలు తినే మనిషి, ఆ నాలుగు ముద్దలూ మానేసింది. ఈలోపు అసలు చూడాల్సినవి ఎవరూ చూడలేదు. ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది పొడిచాడు, పిరుదు మీద అరచేయంత రక్తం కమిలింది. నోటి పూతకి ఇచ్చే కొన్ని ఫంగస్ మందులు ఈ మాత్రల ప్రభావాన్ని పెంచుతాయి, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తాయి. కేపెసిటాబిన్ అనే కీమో మాత్ర వేసుకుంటూ వార్ఫరిన్ కూడా వాడితే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె) ఎక్కడికో పోవచ్చు. స్టెంట్ వేయించుకుని ఎప్పటి నుంచో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఉంటారు, వాటినీ జనం ఇదే పేరుతో పిలుస్తారు, కానీ అవి పనిచేసే తీరు వేరు. రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఒకటి ఆపాలంటే గుండె డాక్టర్‌నీ అడగాలి, క్యాన్సర్ డాక్టర్‌నీ అడగాలి.

నా గోల అక్కడే. ఈ మందు ఎవరిది? ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టర్, కీమో చూస్తాడు, గడ్డ సంగతి రక్తనాళాల (వాస్కులర్) వాళ్లనో కార్డియాలజిస్టునో అడగమంటాడు, వాళ్లు ప్లేట్‌లెట్ల సంగతి ఆంకాలజీ వాళ్లే చూసుకోవాలంటారు. మధ్యలో ఫైలు పట్టుకుని తిరిగేది అటెండెంటు. ఆపాలా వద్దా అన్న నిర్ణయం చివరికి రాత్రి తొమ్మిదింటికి మంచం పక్కన ఇంట్లోవాళ్లే తీసుకుంటారు, మేం తీసుకున్నట్టు. దీన్ని రోగుల తెలివితక్కువతనం అనేస్తే సరిపోదు. ఫైలు మొదటి పేజీలో, ఏ మందు, ఎంత, ప్లేట్‌లెట్లు ఎంతకి పడితే ఎవరికి ఫోన్ చేయాలి అని రెండు లైన్లు రాయడానికి ఏ ఆస్పత్రికీ కొత్త మెషీన్ అక్కర్లేదు.

మా అత్త డిశ్చార్జి కాగితంలో ఆ మాత్ర పక్కన కంటిన్యూ అని ఉంది. ఎప్పటిదాకా అని రాయలేదు. మామూలుగా కనీసం మూడు నుంచి ఆరు నెలలు, క్యాన్సర్ ఇంకా చురుగ్గా ఉంటే ఆ తర్వాత కూడా వాడతారు. ఆరు నెలలు దాటాక ఎపిక్సాబాన్ సగం డోసు సరిపోతుందా అని 1,766 మంది మీద చూసిన ఫలితాలు 2025లో వచ్చాయి, గడ్డల విషయంలో పూర్తి డోసుకి తీసిపోలేదు, రక్తస్రావం 15.6 శాతం నుంచి 12.1కి తగ్గింది. ఏడో నెలలో మా బావ ఆ కాగితం పట్టుకెళ్లి, సార్, ఇది ఎప్పటిదాకా అని అడిగాడు. డ్యూటీ డాక్టర్ ఫైలంతా తిరగేసి, సీనియర్‌కి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడి, 5 కొట్టేసి 2.5 అని రాశాడు. కింద మళ్లీ ఎప్పుడు రావాలో తారీఖు వేశాడు. ఏడు నెలల్లో ఆ మందు పక్కన తారీఖు పడటం అదే మొదటిసారి.