లీజన్‌విల్ ఫలకానికి రెండో వైపు

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికా తెలుగువాళ్లకు పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఊరికి రెండో దిక్కున, ఒహాయో నది వెంట సాగే 65వ నంబరు రోడ్డు మీద, బేడెన్ దగ్గర లీజన్‌విల్ అనేచోట పెన్సిల్వేనియా ప్రభుత్వం పెట్టిన ఒక నీలం ఫలకం ఉంది. కారులో పోతుంటే రెప్పపాటులో దాటిపోతుంది. 1792 నవంబరు నుంచి 1793 ఏప్రిల్ దాకా జనరల్ ఆంటొనీ వేన్ సైన్యం ఇక్కడ విడిది చేసిందని, తర్వాత ఫాలెన్ టింబర్స్‌లో పోరాడింది ఆ సైన్యమేనని దాని సారాంశం. అందులో అబద్ధం లేదు. అయితే అంత చలికాలంలో నది ఒడ్డున గుడిసెలు వేసుకుని ఉండాల్సిన అవసరం ఆ సైన్యానికి ఎందుకొచ్చిందన్నది మాత్రం లేదు.

ఎందుకంటే అంతకు ఏడాది ముందే అమెరికా సైన్యం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1791 నవంబరు 4 తెల్లవారుజామున వాబాష్ నది ఎగువన జనరల్ సెయింట్ క్లెయిర్ శిబిరం మీద మయామీ, షానీ, డెలావేర్ తదితర అమెరికా మూలవాసి తెగల కూటమి విరుచుకుపడింది. నాయకులు లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్. ఆ ఒక్క పూటలో ఆరు వందలమందికి పైగా సైనికులు చనిపోయారు. 1876లో మూలవాసుల చేతిలో అమెరికా సైనికాధికారి కస్టర్ దళం ఓటమిని సినిమాల పుణ్యమా అని లోకమంతా ఎరుగును. దానికి రెట్టింపుకు మించిన ఈ నష్టాన్ని మాత్రం అమెరికన్లే మరిచిపోయారు. నాసిరకం గుడారాలు, పనికిరాని మందుగుండు, కాంట్రాక్టర్ల చేతివాటం అన్నీ బయటపడ్డాయి. ప్రభుత్వ నిర్వాకంపై అమెరికా కాంగ్రెస్ జరిపిన మొట్టమొదటి విచారణ దీని మీదే. సభ అడిగిన కాగితాలు ఇవ్వాలా వద్దా అని అధ్యక్షుడు వాషింగ్టన్ తన మంత్రులతో తర్జనభర్జన పడాల్సి వచ్చింది.

ఆ ఓటమి నుంచి పుట్టిందే 'లీజన్', అంటే వేన్ నాయకత్వాన కొత్తగా కూర్చిన సైన్యం. కొత్తగా చేరినవాళ్లకు గురి చూసి కాల్చడం, బాయనెట్ (తుపాకీ కొసకు తగిలించే కత్తి) పట్టడం, అడవిలో వరస తప్పకుండా నడవడం వేన్ ఈ ఒడ్డునే నేర్పించాడు. క్రమశిక్షణ క్రూరంగా ఉండేది. అమెరికా సైన్యం పద్ధతిగా శిక్షణ పొందిన తొలి శిబిరం ఇదేనని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వంలో న్యాయం ఉంది.

నాకు మాత్రం ఇక్కడ అంతకన్నా ముఖ్యంగా కనిపించేది 1793 మార్చిలో జరిగిన ఒక సందర్శన. సెనెకా అనే మూలవాసి తెగ నాయకుడు కార్న్‌ప్లాంటర్ శిబిరానికి వచ్చి, ఎదురుగా పారుతున్న ఒహాయోను చూపించి, ఈ నదే ఇరుపక్షాల మధ్య శాంతికి సరిహద్దుగా నిలవాలని కోరాడు. ఆ వేసవిలోనే వాషింగ్టన్ పంపిన రాయబారులు భూమికి డబ్బిస్తామన్నారు. కూటమి ఇచ్చిన జవాబు చదివితే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. డబ్బు మాకెందుకు, మీ సెటిలర్లు బీదవాళ్లు కాబట్టే కదా ప్రాణాలకు తెగించి ఇక్కడికొస్తున్నారు, ఆ సొమ్మేదో వాళ్లకే పంచితే గొడవే ఉండదు కదా అన్నారు. దానికి సరైన సమాధానం ఎవరూ చెప్పలేదు. 1794 ఆగస్టు 20న, వేన్ సైన్యం కూటమిని ఓడించిన ఫాలెన్ టింబర్స్ యుద్ధం చెప్పింది. మరుసటి ఏడాది గ్రీన్‌విల్ ఒప్పందంతో ఇప్పటి ఒహాయో రాష్ట్రంలో సుమారు మూడింట రెండు వంతుల భూమి చేతులు మారింది. బదులుగా తెగలకు దక్కింది 20,000 డాలర్ల సరుకులు, ఏటా మరో 9,500 డాలర్ల విలువైనవి.

ఇవన్నీ ఒక ఫలకం మీద పట్టవంటారు. నిజమే, పాత ఫలకాల అక్షరాలు పోతున్న కారులోంచి చదవడానికి చేసినవి. కానీ చోటు చాలకపోవడం వేరు, ఉన్న చోటు ఎవరికివ్వాలన్నది వేరు. పిట్స్‌బర్గ్‌లోనే మరో పాత ఫలకం, 1758లో బ్రిటిష్ జనరల్ ఫోర్బ్స్ గెలుపు దేశంలో ఆంగ్లో శాక్సన్ (ఇంగ్లిష్ జాతి) ఆధిపత్యాన్ని స్థాపించిందని చాటింది. ఆ మాటలకు చోటు బాగానే దొరికింది! ఈమధ్య రాష్ట్ర చరిత్ర కమిషన్ తన ఫలకాలన్నిటినీ తిరగేసినప్పుడు దాన్ని తీయించింది. అది సరైన పనే. లీజన్‌విల్ ఫలకం అలాంటిది కాదు. ఎవర్నీ కించపరచదు కాబట్టి ఏ సమీక్షకూ చిక్కదు. చెప్పకుండా వదిలేసినదాన్ని వెతికే సమీక్ష అంటూ ఉండదు కదా.

దీన్ని పీకేయమనడం తెలివితక్కువ. ఈ ఫలకాలకు సాధారణంగా రెండు వైపులా ఒకే వచనం ఉంటుంది, రాకపోకల్లో ఎటు వెళ్లేవాళ్లయినా చదవాలని. ఒక వైపు వేన్ సైన్యాన్ని అలాగే ఉంచొచ్చు. రెండో వైపు మూడు వాక్యాలు చాలు: 1791లో ఎవరు ఎవర్ని ఓడించారు, 1793 మార్చిలో ఇక్కడికొచ్చి కార్న్‌ప్లాంటర్ ఏమడిగాడు, 1795లో ఎంత భూమి పోయింది.