విశేషం లేనివారి విషయమై ఒక విన్నపం

ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసి గర్భంలో పెట్టే చికిత్స) సంగతిలో దేశానికో చట్టం ఉండటం ప్రపంచానికి శ్రేయస్కరం కాదు. మా విశాఖ పెద్దమ్మలు, పిన్నులు తరతరాలుగా నడుపుతున్న విధానాన్నే అన్ని దేశాలూ తెచ్చుకోవాలని నా విన్నపం.

జర్మనీలో వీర్యదానం చెల్లుతుందట, అండదానం మాత్రం 1990 నాటి చట్టం ప్రకారం నిషిద్ధమట. ఇటలీ వాళ్లయితే 2024లో, తమ పౌరులు ఏ దేశం పోయి సరొగసీ (వేరే ఆవిడ గర్భంలో బిడ్డను మోయించడం) చేయించుకున్నా నేరమేనన్నారు: రెండేళ్ల దాకా జైలు, పది లక్షల యూరోల దాకా జరిమానా. ఇజ్రాయెల్లో ఇద్దరు పుట్టేదాకా, తల్లికి 45 ఏళ్లొచ్చేదాకా ఖర్చు సర్కారుదే. ఇంత ఉదారత మంచిది కాదు, జనం అలవాటు పడిపోతారు.

మన 2021 చట్టాలు కొంత నయం. ఒంటరి మహిళకు ఐవీఎఫ్ సరేనట. సరొగసీ కావాలంటే మాత్రం వితంతువో, విడాకులు తీసుకున్నావిడో అయ్యుండాలి, వయసు 35కీ 45కీ మధ్య ఉండాలి. అంటే ముందు పెళ్లాడి, తర్వాత విడిపోయి, అప్పుడు దరఖాస్తు పెట్టుకోమని. ఇక ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను మన ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. కనమనడానికి ఖర్చేముంది, లక్షలు పోసేది క్లినిక్‌లో కదా.

మా విధానంలో ఇన్ని సెక్షన్లుండవు. పెళ్లైన మూడో నెల శ్రావణ శుక్రవారం వాయనం అందిస్తూనే విచారణ మొదలు: "ఏటమ్మా, ఇంకా విశేషమేటీ లేదా?" ఆరో నెలకి సింహాచలం కప్పస్తంభాన్ని కౌగిలించుకోమని ఉత్తర్వు. ఏడాది దాటితే స్కాన్లు, ఇంజెక్షన్లు, అన్నీ కోడలికే. అబ్బాయి శాంపిల్ అడిగిన డాక్టరు మంచి డాక్టరు కాడు, వెంటనే మార్చాలి. గాజువాక వాళ్లు మాస్కు కట్టుకుని మధురవాడ క్లినిక్‌కి పోయినా లాభం లేదు, అక్కడి వెయిటింగ్ హాల్లో తోటికోడలి అక్క కూర్చునే ఉంటుంది. కడుపు పండితే అప్పన్న దయ. పండకపోతే కోడలి ఒంటిలో వేడి.

బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత దానమిచ్చినవారి వివరాలు ఆ బిడ్డకు 18 ఏళ్లు నిండితే గానీ చెప్పరట. అన్నేళ్లు ఎవరాగుతారు? మా దగ్గర బారసాల నాడే "ముక్కు మనవాళ్లది కాదే" అని తీర్పు వచ్చేస్తుంది. అప్పీలుకు అవకాశం లేదు.

శిక్షణ కోరే విదేశీ ప్రతినిధులు ఏ సాయంత్రమైనా బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గరికి రావచ్చు, ప్రవేశం ఉచితం. పెళ్లై ఏడాది దాటినా పిల్లల్లేని ప్రతినిధులు మాత్రం రిపోర్టులన్నీ వెంట తెచ్చుకోవాలి.