పెరుగుకి మూడు విజిల్స్

మా పిన్ని రిటైరైన జీవశాస్త్రం టీచరు. బాబాయ్ రిటైరైన అకౌంటెంటు. ఫోను చేతికొచ్చాక డాక్టరు కూడా అయ్యాడు. నేను వెళ్ళేసరికి వంటింట్లో విచారణ నడుస్తోంది. (నేను ఎప్పుడూ పిన్ని పార్టీయే, ముందే చెప్పేస్తున్నా.)

పిన్ని: ఏమండీ, రాత్రి పాలు తోడుపెట్టింది మీరేగా?

బాబాయ్: నేనే. మోకాళ్ళు నొప్పులంటున్నావని నేనే పెట్టాను. అదీ తప్పేనా?

పిన్ని: తెల్లారి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి.

బాబాయ్: పాలవాణ్ణి మార్చాలి.

పిన్ని: పాలవాడి సంగతి తర్వాత. తోడుకి వేసిన పెరుగెక్కడిది?

బాబాయ్: మన ఫ్రిజ్‌లోదే. శుద్ధి చేసి వేశాను.

పిన్ని: శుద్ధా?

బాబాయ్: కుక్కర్లో పెట్టి. మూడు విజిల్స్.

పిన్ని: పెరుగుకి మూడు విజిల్సా! కందిపప్పు అనుకున్నారా?

బాబాయ్: చెంచాడు పెరుగులో కోట్ల బ్యాక్టీరియా ఉంటాయట! అదీ ప్రాణాలతో! ఇన్నేళ్ళూ నువ్వు నాకు అన్నంలో కలిపి పెట్టింది అవేనా?

పిన్ని: అవి తినబట్టే ఇలా నిలబడి వాదిస్తున్నారు. పాలని పెరుగు చేసేది అవేనండీ, లాక్టోబాసిల్లస్ లాంటివి. పాలల్లో చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపుకి ప్రోటీను గట్టిపడితే పెరుగు. మీరేమో వాటిని ఉడకేసి, ఆ శవాల్ని పాలల్లో కలిపి మూతపెట్టారు.

కుక్కర్లో గిన్నె ఇంకా అలాగే ఉంది. నీళ్ళు ఓ పక్క, తెల్లటి తరకలు ఓ పక్క.

బాబాయ్: లెక్క చూశావా? ఇరవై నిమిషాలకోసారి రెండింతలు. రాత్రి పదింటికి ఒక్కటుంటే పొద్దున్న ఆరింటికి 1 కోటి 67 లక్షలు!

పిన్ని: కొన్ని జాతులకి, అదీ తిండీ వేడీ అన్నీ అమిరితేనే. పెరుగు బాగా పులిశాక ఆ పులుపు వాటికే పడక నెమ్మదిస్తాయి. ఎక్కడ ఆగాలో వాటికి తెలుసు. మైసూర్‌పాకు డబ్బా దగ్గర మీకే తెలీదు.

బాబాయ్: మరి టైఫాయిడ్, కలరా తెచ్చేదీ బ్యాక్టీరియాయేగా?

పిన్ని: ఊళ్ళో నలుగురు దొంగలున్నారని ఊరంతా తగలబెడతారా? మీ ఒంట్లోనే దాదాపు 38 లక్షల కోట్లున్నాయి. మీ సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లే.

బాబాయ్: అంటే నా ఒంట్లో నేనే మైనారిటీనా?

పిన్ని: ఇంట్లో అలవాటైన సంగతేగా. కేంద్రకం లేదు, మెదడు లేదు, అయినా పేగుల్లో కూర్చుని మీకు విటమిన్ కె తయారుచేసి పెడుతున్నాయి. మెదడున్నవాళ్ళు కుక్కర్లు పెడుతున్నారు.

బాబాయ్: యాంటీబయాటిక్ ఒక కోర్సు వాడితే...

పిన్ని: పోయినసారి వాడినప్పుడు కడుపు పాడై రాత్రంతా బాత్రూంకి తిరిగింది మర్చిపోయారా? వెనకాలే లైటు వేస్తూ తిరిగింది నేనేగా!

బాబాయ్: నీకేమైనా అయితే నాకెవరున్నారని ఉడకబెట్టానే.

పిన్ని ఒక్క క్షణం మాట్లాడలేదు. బాబాయ్ గెలిచాడనుకుని ఫ్యాన్ కింద కూర్చున్నాడు.

పిన్ని: ఆగండి. బ్లీచింగ్ పౌడర్ డబ్బా ఎందుకు ఖాళీ అయింది?

బాబాయ్: కమోడ్‌లో పోస్తున్నా. రోజూ.

పిన్ని: అయ్యో రామా! సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టి కరిగించేది బ్యాక్టీరియానేనండీ! వారం నుంచి ఆ కంపు అందుకన్నమాట!

బాబాయ్: మనదా అది? ఎదురింటివాళ్ళదని నిన్ననే వెళ్ళి గట్టిగా పోట్లాడొచ్చానే!

పిన్ని: మంచిది. ఇప్పుడు ఆ ఎదురింటికే వెళ్ళి తోడుకి ఇంత పెరుగు అడిగి పట్టుకురండి.

బాబాయ్ వెళ్ళాడు. అరగంటకి కాఫీ కూడా తాగి, గిన్నెతో వచ్చాడు. ఈలోగా పిన్ని పాలు కాచి దించింది.

పిన్ని: గోరువెచ్చగా అయ్యాయో లేదో వేలు పెట్టి చూడండి. ఆగండాగండి! చెయ్యి కడుక్కున్నారా?

బాబాయ్: ఇందాకేగా బ్యాక్టీరియా మంచివన్నావు!

పిన్ని: పెరుగులోవి. మీ గోళ్ళలోవి కాదు.